నీటిపై దీపం

చేపల తొట్టిని చూడని విద్యార్థి ఈ రోజులలో అరుదు. ఆసుపత్రి వరండాలోను, హోటలు గుమ్మంలోను, కొన్ని పాఠశాలల ప్రయోగశాలలలోను గాజు తొట్లలో రంగురంగుల చేపలు తిరుగుతూ కనిపిస్తాయి. చూచేవారి దృష్టి సహజంగా చేపల మీదనే నిలుస్తుంది. తొట్టిపైన బోర్లించిన పెట్టెవంటి మూతను గాని, దానిలోపల వెలిగే దీపాన్ని గాని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఈ మూతనే హుడ్డు అంటారు. కొన్నిచోట్ల దానిని కొని తెస్తారు. పెక్కుచోట్ల వడ్రంగి చేతనో, తామే స్వయంగానో చెక్కతో చేసుకొంటారు.

ఈ మూతలో ఒక చిక్కు సమస్య దాగి ఉన్నది. నీటిమొక్క పెరగాలంటే దీపం నీటికి దగ్గరగా ఉండాలి. మనిషి బ్రతకాలంటే విద్యుత్తు నీటికి దూరంగా ఉండాలి. ఈ రెండు అవసరాలూ ఒకదానితో ఒకటి పొసగవు. వీటిని పొసగించడానికి జరిగిన ప్రయత్నమే చేపల తొట్టి దీపపు చరిత్ర. ఈ చరిత్ర తెలిసినవారు మూతలో దీపాన్ని ఒక్క మేకుకు వ్రేలాడగట్టి ఊరుకోరు.

సూర్యుడే మొదటి దీపం

1779 వేసవిలో, ఇంగ్లండులో, యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు పచ్చని ఆకులను నీటిలో ముంచి ఎండలో ఉంచాడు. ఆకులమీద చిన్న చిన్న బుడగలు పుట్టి పైకి లేచినవి. చీకటిలో అవి ఆగిపోయినవి. ఈ మార్పునకు కారణం ఎండలోని వేడి కాదు, వెలుతురేనని అతడు నిర్ణయించాడు. ఆ బుడగలలోని వాయువు ఆమ్లజని, అనగా ఆక్సిజన్. నేడు ఉన్నత పాఠశాలలో గరాటు క్రింద హైడ్రిల్లా మొక్కను ఉంచి చేసే ప్రయోగం ఇంగెన్‌హౌస్ చూచిన దానికి వారసురాలే.

ఈ జ్ఞానాన్ని చేపల పెంపకానికి అన్వయించినవాడు లండనులోని రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్. సుమారు 54 లీటర్లు పట్టే గాజు పాత్రను అతడు సగం వరకు నీటితో నింపి, అందులో రెండు చిన్న బంగారు చేపలను, మన చెరువులలోనూ కనిపించే వాలిస్నేరియా మొక్కను ఉంచాడు. చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకొంటుంది. మొక్క విడిచే ఆమ్లజనిని చేప పీలుస్తుంది. కొన్నాళ్ళకు మొక్కల కుళ్ళిన ఆకులు నీటిని పాడుచేయసాగినవి. అప్పుడతడు కొన్ని నీటినత్తలను వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిని నీటిని తేటగా ఉంచినవి. ఈ పరిశీలనలను వారింగ్టన్ 1850లో ప్రకటించాడు. నీళ్ళు మార్చకుండానే చేపలు బ్రతికే తొట్టి శాస్త్రీయంగా అప్పుడు రూపుదిద్దుకొన్నది.

కాలం కూడా కలిసివచ్చింది. ఇంగ్లండులో గాజుపై ఉన్న సుంకాన్ని 1845లో రద్దుచేశారు. గాజు పలకల ధర తగ్గింది. 1853లో లండనులోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలలో చేపల గృహాన్ని తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథం ‘అక్వేరియం’ అన్న మాటను ఇంటింటికీ చేర్చింది.

ఆనాటి తొట్టికి దీపం లేదు. కిటికీ ప్రక్కన పెట్టడమే దానికి వెలుతురు. ఐతే ప్రక్కనుండి పడే ఎండవల్ల గాజుమీద పాచి పట్టేది, వేసవిలో నీరు కాగేది. ప్రకృతిలో చెరువుకు వెలుతురు ప్రక్కనుండి రాదు, పైనుండి వస్తుంది. వారింగ్టన్ ఈ సంగతి గమనించి, ప్రక్కలు మూసి, వెనుక భాగాన్ని ఏటవాలుగా చేసి, పైనుండి మాత్రమే వెలుతురు పడే తొట్టిని రూపొందించాడు. ఆ విధంగా విద్యుద్దీపం పుట్టకముందే తొట్టిలో దాని చోటు నిర్ణయమైపోయింది. ఆ చోటు సరిగా నీటికి నెత్తిమీద!

తంతి దీపం

1879 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్, అమెరికాలో థామస్ ఎడిసన్ తంతి దీపాన్ని వాడకానికి పనికివచ్చేటట్లు చేశారు. ఇరవయ్యవ శతాబ్దంలో పట్టణాల ఇళ్ళకు విద్యుత్తు వచ్చిన తరువాత, చేపలు పెంచేవారు లోహపు రేకు డిప్పలో బల్బు అమర్చి తొట్టిపై ఉంచసాగారు. ఇక తొట్టి కిటికీని నమ్ముకొని ఉండనక్కరలేదు; గదిలో ఏ మూలనైనా ఉండవచ్చును.

తంతి దీపం మంచి పొయ్యి, బీద దీపం. తీసుకొన్న శక్తిలో సుమారు 5 శాతమే వెలుతురుగా మారుతుంది. 60 వాట్ల బల్బు 3 వాట్ల వెలుతురు ఇస్తే, మిగిలిన 57 వాట్లూ వేడిగా పోవలసినదే. మూసిన పెట్టెలో ఆ వేడి పోయే దారి లేదు. పై నీరు వెచ్చబడుతుంది. తీగమీది తొడుగు ఎండి బీటలు తీస్తుంది. అన్నిటికంటె ప్రమాదం మరొకటి: చేప ఎగిరి తోకతో చల్లని నీటిబొట్టు చిమ్మితే చాలు, కాగిన బల్బు పగులుతుంది. పగిలిన బల్బులో మిగిలేది విద్యుత్తు ప్రసరించే బోసి తీగలే. వాటి క్రిందనే నీరు ఉన్నది.

దీనికి విరుగుడు చాల సులభమైనది. దీపానికీ నీటికీ మధ్య ఒక గాజు పలక పరచాలి. అది చిందును ఆపుతుంది, ఆవిరిని తగ్గిస్తుంది, ఎగిరే చేపను తిప్పి పంపుతుంది, బల్బు జారితే పట్టుకొంటుంది. వెలుతురును మాత్రం చాలావరకు పోనిస్తుంది. మూతలోని రక్షణలన్నిటిలో మొదట ఎంచదగినది ఈ సాదా గాజు పలకయే.

ట్యూబులైటు

1938లో ట్యూబులైటు అమెరికాలో అమ్మకానికి వచ్చింది; 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో లక్షలాది ప్రజలు దానిని చూశారు. గొట్టంలోని పాదరసపు ఆవిరిగుండా విద్యుత్తు ప్రవహిస్తే కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గొట్టం లోపలి పొడిపూత వాటిని గ్రహించి తెల్లని వెలుతురుగా మార్చి ఇస్తుంది. అదే విద్యుత్తుకు తంతి దీపంకంటె ఎన్నో రెట్లు వెలుతురు వస్తుంది, వేడి తక్కువ. పైగా పొడవాటి తొట్టికి పొడవాటి దీపం చక్కగా అమరుతుంది. 1960ల నాటికి మొక్కలకు ముఖ్యమైన ఎరుపు, నీలి కాంతులను ఎక్కువగా ఇచ్చే ట్యూబులు కూడా వచ్చినవి.

ఆ దశాబ్దంలోనే సిలికోను జిగురు తొట్టి రూపాన్ని మార్చివేసింది. అంతకుముందు గాజు పలకలను లోహపు చట్రంలో బిగించేవారు. సిలికోనుతో పలకను పలకకు నేరుగా అంటించవచ్చును కాబట్టి ఎవరికి కావలసిన కొలతలో వారు తొట్టిని చేసుకోగలిగారు. సొంత కొలత తొట్టికి అంగడి మూత సరిపోదు. కాబట్టి ఇంట చేసిన చెక్క మూతలు పెరిగినవి.

ఇక్కడ కొత్త చిక్కులు వచ్చినవి. బల్బుకు ఒకేచోట తీగలు కలుస్తాయి. ట్యూబుకు రెండు కొనలలోను కలుస్తాయి. చోకు బరువైనది, వేడెక్కేది. దీపం వెలిగే క్షణంలో చోకు పుట్టించే వోల్టేజి మామూలు 230 వోల్టులను మించిపోతుంది. మూతలోపల ఎల్లప్పుడూ ఆవిరి నిండి ఉంటుంది. అది చల్లబడి లోహపు భాగాలమీద మంచువలె పడుతుంది. చెక్క తేమకు ఉబ్బి, దీపపు వేడికి కుదించుకొనిపోతుంది. ప్రతిరోజూ ఇట్లా జరిగితే చెక్కలో దిగిన మర క్రమంగా వదులవుతుంది. మేత వేయడానికి మూతను తెరచి మూసినప్పుడల్లా ఆ అదురు హోల్డరుకు తగులుతుంది. ఒకనాడు ట్యూబు ఒక కొన ఊడి క్రిందికి వ్రేలాడుతుంది. మధ్య గాజు పలక లేకపోతే అది నీటిని తాకుతుంది.

సముద్రపు చేపలను పెంచే తొట్లలో ప్రమాదం ఇంకను హెచ్చు. ఉప్పునీరు మంచినీటికంటె దాదాపు నూరు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగా, విద్యుత్తును ప్రవహింపనిస్తుంది. చిందిన నీరు ఆరినా ఉప్పు పేరుకొనే ఉంటుంది. తేమ తగిలినప్పుడు ఆ ఉప్పుపొరయే విద్యుత్తుకు దారి అవుతుంది.

చేప ఎందుకు చావలేదు?

ఇక్కడ విద్యార్థులు శ్రద్ధగా ఆలోచింపవలసిన విషయం ఒకటి ఉన్నది. ఫేజు తీగ నీటిని తాకినదనుకొందాం. చాలమంది ఏమనుకొంటారు? వెంటనే ఫ్యూజు పోతుందనీ, చేపలు చచ్చి తేలుతాయనీ అనుకొంటారు. తరచుగా ఈ రెండిటిలో ఏదీ జరగదు.

విద్యుత్తు ప్రవహించాలంటే దారి పూర్తి కావాలి. తొట్టి గాజు, దాని అతుకులు సిలికోను. రెండూ విద్యుత్తును పోనివ్వవు. కాబట్టి నీరు 230 వోల్టుల స్థాయికి చేరి కూడ నిశ్చలంగా ఉండగలదు. ఆ నీటిలోని చేప శరీరం ఒక కొననుండి మరొక కొనవరకు దాదాపు ఒకే వోల్టేజిలో ఉంటుంది. తేడా లేనిచోట ప్రవాహం లేదు. ఎత్తైన తీగమీద వాలిన పిచ్చుక క్షేమంగా ఉండడానికి కారణం ఇదే.

మనిషి పరిస్థితి అట్లా కాదు. అతని పాదాలు నేలమీద ఉన్నవి, చేయి నీటిలో ఉన్నది. చేతినుండి పాదం వరకు 230 వోల్టుల తేడా అతని శరీరంమీద పడుతుంది. తడిసిన శరీరపు నిరోధాన్ని సుమారు 1000 ఓములుగా తీసుకొంటే, ఓమ్ సూత్రం ప్రకారం ప్రవాహం 230 మిల్లీ ఆంపియర్లు. ఇందులో పదవ వంతు చేతి కండరాలను బిగబట్టడానికి చాలు. దారి గుండెమీదుగా పోతే ప్రాణానికే ముప్పు. కాబట్టి ‘చేపలు హాయిగా తిరుగుతున్నవి, నీటిలో విద్యుత్తు లేదు’ అనుకోవడం గొప్ప పొరపాటు.

ఫ్యూజు మాటేమి? ఇంటిలో సామాన్యంగా వాడే ఫ్యూజు 5 ఆంపియర్లది, అనగా 5000 మిల్లీ ఆంపియర్లది. 230 మిల్లీ ఆంపియర్లు దానికి లెక్కలోనికే రాదు. 40 వాట్ల ట్యూబు, చోకు కలిసి తీసుకొనేది అంతకంటె ఎక్కువ. ఫ్యూజు తీగలు కాలిపోకుండా, ఇల్లు తగులబడకుండా కాపాడుతుంది. అది మనిషిని కాపాడడానికి పుట్టినది కాదు.

డాల్జీల్ త్రాసు

మనిషిని కాపాడాలంటే ముందు మనిషి ఎంత ప్రవాహాన్ని ఓర్చుకోగలడో తెలియాలి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్క్లీ నగరంలో, విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యుడైన చార్లెస్ డాల్జీల్ 1940లనుండి ఈ విషయాన్ని పరిశోధించాడు. తాముగా ముందుకు వచ్చినవారిచేత తీగను పట్టించి, ప్రవాహాన్ని మెల్లగా పెంచి, ఎంతవరకు వారు పట్టు విడువగలరో కొలిచాడు. పురుషులలో ఆ హద్దు సగటున 16, స్త్రీలలో 10.5 మిల్లీ ఆంపియర్లని తేలింది. ఆ హద్దు దాటితే వ్రేళ్ళు ముడుచుకొనిపోతాయి. తీగను వదలిపెట్టాలనుకొన్నా వదలలేరు.

ఈ అంకెలను చేత పట్టుకొని, 1961లో డాల్జీల్ 5 మిల్లీ ఆంపియర్ల లోపానికే విద్యుత్తును ఆపివేసే సాధనాన్ని నిర్మించాడు. దానిలోని సూత్రం ఐరోపాలో అంతకుముందే తెలిసినది; ఇంత సున్నితంగా దానిని పనిచేయించడం అతని ఘనత. సూత్రం చాల సులభం. దీపానికి పోయే తీగ, దీపంనుండి తిరిగివచ్చే తీగ రెండూ ఒక ఇనుప ఉంగరంగుండా పోతాయి. పోయినంత ప్రవాహమూ తిరిగివస్తే రెండిటి అయస్కాంత ప్రభావాలు ఒకదాని నొకటి రద్దుచేసుకొంటాయి. కొంత ప్రవాహం మనిషి శరీరంగుండా నేలలోనికి పోయినదనుకోండి. తిరిగివచ్చేది తగ్గుతుంది, త్రాసు ఒకప్రక్కకు ఒరుగుతుంది. ఉంగరానికి చుట్టిన మూడవ తీగలో అప్పుడు ప్రవాహం పుట్టి, స్విచ్చిని విడగొడుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది.

అమెరికాలోని జాతీయ విద్యుత్ నియమావళి 1968లో ఈ సాధనాన్ని మొదట ప్రస్తావించినది ఈతకొలనుల దీపాల సందర్భంలోనే. నీటికీ దీపానికీ ఉన్న వైరం నిపుణులకు అంత స్పష్టంగా తెలుసు. మన దేశంలో ఇది ఆర్.సి.సి.బి. అన్న పేరుతో దొరుకుతుంది. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. ఐతే దీనికీ ఒక హద్దు ఉన్నది. ఒక చేత ఫేజు తీగను, మరొక చేత న్యూట్రల్ తీగను పట్టుకొన్నవానిని ఇది కాపాడలేదు; పోయిన ప్రవాహం సరిగా తిరిగివచ్చినట్లే దానికి కనిపిస్తుంది. అందుచేత ఏ ఒక్క రక్షణనూ నమ్మి మిగిలినవాటిని వదలిపెట్టరాదు.

మూతలో దీపాన్ని బిగించే తీరు

ఈ చరిత్రంతా ఇంట చేసిన మూతలోనికి దించి చూస్తే, ఒకదాని వెనుక ఒకటిగా నిలిచే నాలుగు గోడలు కనిపిస్తాయి.

మొదటి గోడ బిగింపు. హోల్డరును పలుచని చెక్కలో మరతో దించితే చాలదు. చెక్కకు ఆరపార రంధ్రం చేసి, బోల్టు దూర్చి, పైన వెడల్పైన వాషరు వేసి నట్టు బిగించాలి. చెక్క ఎంత ఉబ్బి తగ్గినా ఈ పట్టు సులభంగా సడలదు. బోల్టు తుప్పుపట్టని ఉక్కుదై ఉండాలి. ఇత్తడి మరలు వాడరాదు. వాటిమీద చేరిన నీరు రాగిని కరిగించి తొట్టిలో బొట్లుగా పడితే, రొయ్యలకు, నత్తలకు అది విషం. ట్యూబుకు కొనలలోనే గాక నడుమకూడ రెండు పట్టీలు ఉంటే, ఒక కొన ఊడినా అది క్రిందికి జారదు. చెక్క లోపలివైపు తేమ చొరని రంగు పూయాలి.

రెండవ గోడ ఎడము. దీపం క్రింద గాజు పలకగాని, దట్టమైన యాక్రిలిక్ పలకగాని ఉండి తీరాలి. ట్యూబు కొనలకు రబ్బరు తొడుగుతో నీరు చొరని హోల్డర్లు వాడాలి. చోకు మూతలో ఉండరాదు. తొట్టికి దూరంగా, గాలి తగిలేచోట ఉండాలి. వేడి, ఆవిరి పోవడానికి మూత వెనుక రంధ్రాలు విడువాలి.

మూడవ గోడ తీగ దారి. మూతలోనుండి వచ్చే తీగ నేరుగా గోడమీది ప్లగ్గుకు పోతే, దానివెంట జారిన నీటిబొట్టుకూడ ప్లగ్గులోనికే పోతుంది. తీగను ప్లగ్గుకంటె క్రిందికి వంపుగా దించి మరల పైకి ఎక్కించాలి. అప్పుడు బొట్టు వంపు అడుగున నేలమీద పడిపోతుంది. ఖర్చు కానీ లేదు. ప్రయోజనం చాల ఎక్కువ. లోహపు రేకు డిప్ప ఉంటే దానిని తప్పక ఎర్తుకు కలపాలి.

నాలుగవ గోడ ఆర్.సి.సి.బి. మొదటి మూడూ విఫలమైన నాడు ఇది పనిచేయాలి. దీనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే పెట్టించాలి.

ఈ జాగ్రత్తలకు కొలబద్దలు కూడా ఏర్పడినవి. దుమ్మునూ నీటినీ ఒక సాధనం ఎంతవరకు ఆపుతుందో రెండు అంకెలలో చెప్పే ఐ.పి. గుర్తును అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1976లో ప్రమాణంగా ప్రకటించింది. ఐ.పి. 67 అంటే దుమ్ము చొరదనీ, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పాడుకాదనీ అర్థం. 2005లో అదే సంఘం చేపల తొట్టి దీపాలకు ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్ని వెలువరించింది. దీపాన్ని కొనేటప్పుడు దాని ధరతోపాటు ఈ గుర్తునుకూడ చూడడం మంచిది.

నేటి దీపం

1990ల ఆరంభంలో జపానులో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. సిద్ధమైంది. దానినుండే తెల్లని ఎల్.ఇ.డి. దీపం సాధ్యమైంది. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమూరా ఇందుకుగాను 2014లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఈ దీపాలలో పెక్కు 12 లేక 24 వోల్టులతోనే వెలుగుతాయి. 230 వోల్టులను తగ్గించే పెట్టెను తొట్టికి దూరంగా ఉంచితే, నీటి దగ్గరకు వచ్చేది ప్రమాదం లేని వోల్టేజియే. ఆ పాత చిక్కు ఇట్లా చాలవరకు విడిపోయింది.

చాలవరకే గాని పూర్తిగా కాదు. చౌకగా దొరికే కొన్ని దీపాలలో లోపలికి వచ్చే విద్యుత్తును, బయటికి పోయే విద్యుత్తును వేరుచేసే ట్రాన్సుఫార్మరు ఉండదు. అటువంటి దీపపు పట్టీలో ఏ చోట తాకినా 230 వోల్టులు తగలవచ్చును. కొన్ని పట్టీలు నేరుగా 230 వోల్టులతోనే పనిచేస్తాయి. వాటిని జిగురుతో మూతలోపల అంటిస్తారు. తేమకు జిగురు ఊడితే కథ మరల మొదటికి వస్తుంది.

పాఠశాలలో తొట్టి ఉన్నచోట ఉపాధ్యాయులు నెలకొకసారి విద్యార్థుల ఎదుట ఒక చిన్న పని చేయవచ్చును. ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అనే అక్షరం గల మీట ఉంటుంది. దానిని నొక్కితే సాధనం వెంటనే పడిపోవాలి, తొట్టి దీపం ఆరిపోవాలి. అట్లా జరగకపోతే దానిని మార్చేవరకు ఆ దీపం వెలిగించరాదు. ఇక తొట్టిలో చేయి పెట్టేముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. దీపానికైనా, గాలి పంపుకైనా, నీటిని వెచ్చచేసే హీటరుకైనా, స్విచ్చిని ఆపడంతో సరిపెట్టక ప్లగ్గునే ఊడదీయాలి. స్విచ్చిని పొరపాటున న్యూట్రల్ తీగకు కలిపి ఉంటే, దీపం ఆరినా ఫేజు తీగ తొట్టిమీద సజీవంగానే ఉంటుంది. ఊడిన ప్లగ్గు విషయంలో ఆ అనుమానానికి తావు లేదు.